రొయ్యల గుంటకి సోలార్ పెడితే గిట్టుబాటు అవుతుందా?

చెరువుగట్టు (అల్లూరు)
నమస్తే అందరికీ. నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర మాకు రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి, వెనామీ వేస్తాం. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిది, ఒక్కోటీ 2 హెచ్‌పీ. మేత తర్వాత పెద్ద ఖర్చు కరెంటే, కరెంటు పోతే జనరేటర్, జనరేటర్ అంటే డీజిల్. మొన్న ఒకాయన వచ్చి గట్టు మీద ప్యానెళ్లు పెట్టుకో, ఎండ ఊరికే వస్తుంది, ఇక డీజిల్ బంకు మొహం చూడక్కర్లేదు అని గంటసేపు చెప్పి పోయాడు. ఊరికే వచ్చేదాన్ని మనకి అమ్మడానికి వాడెందుకొచ్చాడ్రా అన్నాడు మా నాన్న. ఆయన మాట పక్కన పెడితే, ఇక్కడ కరెంటు సంగతి తెలిసినోళ్ళు, సోలార్ పెట్టించుకున్నోళ్ళు ఉన్నారు కదా, లెక్క ఎట్టా వేసుకోవాలో చెప్పండి. బొగ్గు అయిపోతుంది, సోలార్ అయిపోదు అనే సంగతి నాకూ తెలుసు, ఆ పాఠం వద్దు, గుంట సంగతి చెప్పండి.

లెక్కల సుబ్బడు
2 హెచ్‌పీ అంటే ఒకటిన్నర కిలోవాట్. ఎనిమిదికి 12 కిలోవాట్లు. రాత్రి పది గంటలు తిప్పావనుకో, 120 యూనిట్లు. మన ఎండకి ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది మొత్తం మీద సగటున రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది, ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. అంటే రాత్రి వాడకానికే నీకు 30 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు, మొత్తం మూడు వేలు, అంటే ఏడు సెంట్లు. గట్టు మీద చోటు దొరుకుతుందేమో గానీ అసలు తిరకాసు అక్కడ లేదు. ఏరేటర్ నీకు కావాల్సింది రాత్రి, ప్యానెల్ ఇచ్చేది పగలు. 120 యూనిట్లు దాచాలంటే బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి 140, 150 యూనిట్ల బ్యాటరీ పెట్టుకోవాలి. దాని రేటు కనుక్కుని మళ్ళీ రా.

ఇంకో లెక్క. జనరేటర్‌లో లీటరు డీజిల్‌కి మూడు యూనిట్లు వస్తే గొప్ప. యూనిట్ ముప్పై రూపాయల పైమాటే. దాంతో పోలిస్తే సోలార్ చాలా చవక. కానీ నువ్వు ప్రభుత్వం గుర్తించిన ఆక్వా (చేపలు, రొయ్యల సాగు) జోన్‌లో ఉండి సబ్సిడీ మీద యూనిట్ రూపాయిన్నరకి తీసుకుంటున్నావనుకో, ఆ రూపాయిన్నరతో పోటీ పడి ఏ ప్యానెలూ గెలవదు. వచ్చినాయన నీకు డీజిల్ రేటు చూపించి ఉంటాడు, గ్రిడ్ రేటు చూపించి ఉండడు.

చెరువుగట్టు (అల్లూరు)
డీజిల్ రేటే చూపించాడు. జోన్‌లోనే ఉన్నాం అన్నా.

కావలి కుర్రాడు
బ్యాటరీ ఎందుకు సుబ్బడన్నా, నెట్ మీటర్ పెట్టుకుని పగలు గ్రిడ్‌కి ఇచ్చేసి రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుంటే సరిపోదా? ఇళ్ళకి అట్టానే కదా చేస్తున్నారు. పైగా ఇంకా ఎన్నేళ్ళు ఈ బొగ్గు పొగ? మన దేశంలో పెట్టిన ప్లాంట్ల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కానివే అయిపోయాయని పోయినేడాది పేపర్లో వేశారు.

రిటైర్డ్ ఏఈ
తమ్ముడూ, పేపర్లో వేసింది నిజమే, 2025 మధ్యలో ఆ సగం దాటాం. కానీ అది పెట్టిన సామర్థ్యం లెక్క, వచ్చిన యూనిట్ల లెక్క కాదు. సోలార్ ప్యానెల్ ఏడాదిలో తన పూర్తి శక్తిలో ఐదో వంతు ఇస్తుంది, బొగ్గు ప్లాంటు అరవై, డెబ్బై శాతం దాకా ఇస్తుంది. అందుకే సామర్థ్యంలో సగం వచ్చినా, దేశంలో కాలే కరెంటులో ఇంకా పెద్ద వాటా బొగ్గుదే.

నువ్వు రాత్రి గ్రిడ్ నుంచి తీసుకుంటా అంటున్నావు చూడు, ఆ గ్రిడ్‌లోకి రాత్రి కరెంటు ఎవరు పోస్తున్నారు? మనకి దగ్గర్లో నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్ ఉంది, 800 మెగావాట్లవి మూడు యూనిట్లు, అంటే మూడు మెషిన్లు. ఆ పక్కనే ప్రైవేటు ప్లాంట్లు. ఒక్క 800 మెగావాట్ల మెషిన్ పూర్తి లోడులో రోజంతా తిరిగితే దాదాపు కోటీ తొంభై రెండు లక్షల యూనిట్ల కరెంటు. దేశవాళీ బొగ్గయితే యూనిట్ కరెంటుకి ఆరు వందల గ్రాముల పైచిలుకు పడుతుంది, అంటే రోజుకి పన్నెండు వేల టన్నులు. రేకుకి, అంటే ఒక గూడ్సు రైలుకి, నాలుగు వేల టన్నుల లోపు ఎక్కుతుంది, కాబట్టి ఒక మెషిన్ కడుపుకి రోజూ మూడు రేకులు. మన ప్లాంటుకి ఒడిశా బొగ్గు పారాదీప్ దాకా రైల్లో వచ్చి, అక్కడ ఓడెక్కి కృష్ణపట్నంలో దిగుతుంది.

ఇదే కోటీ తొంభై లక్షలు సోలార్‌తో తీయాలంటే నాలుగు వేల మెగావాట్ల పైన ప్యానెళ్లు పరచాలి, మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు వేసుకో, సుమారు ఇరవై వేల ఎకరాలు. అప్పుడూ సాయంత్రం ఆరున్నరకి సున్నా. బొగ్గు గొప్పదని నేను అనడం లేదు, దాని చాకిరీ చేసినోడిని, దాని బూడిద ఊపిరితిత్తుల్లోకి పీల్చినోడిని. మీటర్ వెనక్కి తిరిగినంత మాత్రాన రాత్రి కరెంటు ఎండ నుంచి వచ్చినట్టు కాదు అంటున్నా, అంతే.

ఇంకో సంగతి. పగలు సోలార్ పొంగితే బొగ్గు యూనిట్లని 55 శాతం దాకా దించమంటారు, సాయంత్రం లైట్లు వేయగానే మళ్ళీ పైకి ఎక్కించమంటారు. బాయిలర్‌ని అట్టా ఎక్కించి దించితే గొట్టాలు త్వరగా దెబ్బతింటాయి. ఆ ఖర్చు ఎవరి బిల్లులోనో ఒకరి బిల్లులో పడుతుంది.

వేదాయపాళెం వాణి
ఏఈ గారూ, మీరు చెప్పింది బానే ఉంది గానీ ఇంటి వాళ్ళం మేం ఏం చేయాలి మరి? మాది 3 కిలోవాట్, పీఎం సూర్యఘర్ కింద పెట్టించాం, సబ్సిడీ 78 వేలు బ్యాంకులో పడింది. వేసవిలో ఏసీ వేసినా బిల్లు నవ్వొచ్చేంత తక్కువ.

కొత్తగా పెట్టించుకునేవాళ్ళకి కొన్ని చెప్తా, అమ్మేవాళ్ళు చెప్పరు కాబట్టి. మొదటిది, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. లైను మీద పనిచేసే లైన్‌మేన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోయేలా పెడతారట. మాకు అమర్చినతను ఈ ముక్క చెప్పలేదు, మేం ఇక ఇన్వర్టర్ బ్యాటరీ ఎందుకులే అని పాతది అమ్మేశాం. రెండోది, మే నెల ఎండకి యూనిట్లు బాగా వస్తాయనుకుంటాం, ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఇచ్చేది తగ్గుతుంది. మాకు ఫిబ్రవరి, మార్చి ఎంతో నయం. మూడోది మన నెల్లూరు సంగతి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, నవంబరులో వాయుగుండం పడితే వారం రోజులు సూర్యుడు కనపడడు, ఆ నెల బిల్లు చూసి మా ఆయన మీటర్ చెడిపోయిందన్నాడు.

చెరువుగట్టు (అల్లూరు)
వాణక్కా, నువ్వు వాయుగుండం అంటే నాకు గుండె జారింది. మబ్బు పట్టిందంటే మాకు కాళరాత్రే. ఎండ లేకపోతే నీళ్ళలో పాచి ఆక్సిజన్ చెయ్యదు, డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) సాయంత్రానికే పడిపోతుంది, తెల్లవారుజామున మూడింటికి రొయ్య తేలుతుంది. మామూలు రోజు పగలు ఏరేటర్లు సగం ఆపేస్తాం, మబ్బు రోజు పగలు కూడా అన్నీ తిప్పాలి. అంటే నాకు కరెంటు ఎక్కువ కావాల్సిన రోజునే ప్యానెల్ కూడా పడుకుంటుంది!

లెక్కల సుబ్బడు
అదీ సంగతి. ఒకే సూర్యుడి మీద గుంటా, ప్యానెలూ రెండూ ఆధారపడితే రెండూ ఒకేసారి పోతాయి. జనరేటర్ అమ్మొద్దు నువ్వు.

పంతులమ్మ (ఒంగోలు)
చాలా మంచి చర్చ. నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. పిల్లలకి రెండు గడులు గీయించి ఒకవైపు తరిగేవి అని బొగ్గు, పెట్రోలు, గ్యాస్, ఇంకోవైపు తరగనివి అని ఎండ, గాలి, నీరు, కట్టెలు రాయిస్తాం. పోయిన వారం కొండపి నుంచి వచ్చే పిల్లాడు లేచి, టీచర్, మా పొగాకు బ్యారన్‌కి ఏటా లారీల కట్టెలు కాలుస్తాం, మా ఊరి పక్క అడవి ఇప్పుడు లేదు, మరి కట్టెలు తరగనివి ఎట్టా అవుతాయి అన్నాడు. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను గానీ వాడి మొహం చూస్తే వాడికి చాలలేదని తెలుస్తోంది. యురేనియం కూడా అంతే, పొగ రాదు కాబట్టి మంచిదే అనుకుని ఆ గడిలో రాస్తారు, కానీ అది కడప జిల్లా తుమ్మలపల్లెలో భూమిలోంచి తవ్వి తీసేదే, తవ్వితే తరిగేదే. బ్యారన్ వాళ్ళు ఎవరైనా ఉంటే కట్టెల సంగతి చెప్పండి.

కొండపి పొగాకు
టీచరమ్మా, ఉన్నా. ఆ పిల్లాడు మా ఊరోడే అయ్యుంటాడు.

వర్జీనియా ఆకు క్యూరింగ్ అంటే బ్యారన్‌లో ఐదారు రోజులు ఆగకుండా నిప్పు. ముందు ఆకు పసుపు తేలేదాకా సన్నని వేడి, తర్వాత పెంచుకుంటూ పోయి చివర్లో ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా పోవాలి. మధ్యలో వేడి పడిపోయిందా, ఆకు నల్లబడి వేలంలో ఎవడూ పలకడు. కిలో ఎండాకుకి నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. ఒక్క సీజన్‌కి ఒక బ్యారన్ ఎంత మింగుతుందో మీరే లెక్కేసుకోండి, అట్టాంటి బ్యారన్లు టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి చుట్టూ ఎన్ని ఉన్నాయో తిరిగి చూడండి.

మా తాతల నాడు అడవి కట్టె. ఇప్పుడు ఎక్కువగా సుబాబుల్, జామాయిల్, సరుగుడు. సుబాబుల్, జామాయిల్ నరికితే మోడు మళ్ళీ చిగురేస్తుంది, మూడు నాలుగేళ్ళకి మళ్ళీ కోతకొస్తుంది. అట్టా వేసుకుని, వేసినంతే కోసుకుంటే తరగదు, పిల్లాడికి ఆ ముక్క చెప్పండి. అడవి కట్టె కాలిస్తే మాత్రం తరుగుతుంది, పుస్తకంలో ఏ గడిలో రాసినా సరే. అయితే ఇంకో గొడవ, సుబాబుల్‌కి పేపర్ మిల్లు రేటు బాగున్న ఏడాది బ్యారన్‌కి కట్టె దొరకదు, అప్పుడు అందరి కళ్ళూ పోరంబోకు చెట్ల మీద పడతాయి. ఆ ఏడాది మా కట్టె తరిగేదే.

ఎండతో క్యూరింగ్ చెయ్యమని ఎవరూ చెప్పబాకండి. నాటు పొగాకు ఎండలో ఎండుద్ది, వర్జీనియా ఎండదు. రాత్రి రెండింటికి 60 డిగ్రీలు కావాలి నాకు.

కనిగిరోడు
మా వైపు బ్యారన్ల కన్నా బొగ్గుల బట్టీలు ఎక్కువ. సర్కారు తుమ్మ నరికి, మట్టి కప్పి కాల్చి, బస్తాలకి ఎత్తి లారీల్లో పంపుతారు. ఆ చెట్టుని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, నరికితే మొండిగా మళ్ళీ లేస్తది. తరగని వనరు అంటే నా దృష్టిలో అదే, పొలంలోంచి పీకలేక చస్తున్నాం.

ఇప్పుడు మాకు కొత్తగా కంప్రెస్డ్ బయోగ్యాస్ అంటున్నారు. 2025 ఏప్రిల్లో దివాకరపల్లి దగ్గర ప్లాంటుకి శంకుస్థాపన చేశారు, బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తారట. పనులొస్తాయి, కౌలొస్తది, సంతోషమే. నా అనుమానం ఒక్కటే, గడ్డికి నీళ్ళు ఎక్కడివి? కనిగిరిలో తాగే నీళ్ళకే ఫ్లోరైడ్ దెబ్బకి కాళ్ళు వంకర్లు పోయిన ఊళ్ళున్నాయి. ఏటా నాలుగైదు కోతలు రావాలంటే గడ్డి మామూలుగా తాగదు. వెలిగొండ నీళ్ళు నిండా వచ్చాక మాట్లాడండి, అప్పుడు నేనే నాటిస్తా.

కావలి కుర్రాడు
ఇదంతా గత ప్రభుత్వం చేసిన ఒప్పందాల వల్ల

మోడరేటర్
కావలి కుర్రాడి పోస్టులో మిగతా భాగం తీసేశాను. ఏ పార్టీ ఎవరితో ఏ ఒప్పందం చేసుకుందో మాట్లాడుకోవడానికి వేరే చోటు ఉంది. ఇక్కడ ఏరేటర్లు, బ్యారన్లు, ప్యానెళ్లు.

బూడిద లారీ (ముత్తుకూరు)
అందరూ బొగ్గు పోవాలి పోవాలి అంటున్నారు, నేను ఆ బొగ్గు బూడిద తోలుకుని బతికేవాడిని. మన దేశం బొగ్గులో మూడో వంతు పైన బూడిదే, ఏఈ సార్ చెప్పిన పన్నెండు వేల టన్నుల్లో నాలుగు వేల టన్నులు బూడిదగా మిగుల్తది రోజూ. దాన్ని సిమెంటు ఫ్యాక్టరీలకి, ఇటుకల బట్టీలకి తోలతాం. కొత్తగా కట్టే ఇళ్ళు చూడండి, ఎర్ర ఇటుక ఎక్కడుంది, అన్నీ బూడిద ఇటుకలే. దుమ్ము రేగుద్ది, పట్టా కప్పకుండా తోలేవాళ్ళని తిట్టండి, తప్పు లేదు. కానీ ప్లాంటు ఆపేస్తే ముత్తుకూరు చుట్టుపక్కల లారీల మీద ఫైనాన్స్ ఉన్న మేమంతా ఎక్కడికి పోవాలో కూడా ఎవరైనా ఒక పోస్టు రాయండి. సోలార్ ప్యానెళ్లు తుడవడానికి ఎంతమంది కావాలి, నలుగురా?

రిటైర్డ్ ఏఈ
లారీ తమ్ముడి ప్రశ్న సరైనదే, దానికి నా దగ్గర తీపి జవాబు లేదు. ప్లాంటు రేపే ఆగదు, ఈ 800 మెగావాట్ల యూనిట్లు మూడింటిలో మూడోది 2022లోనే మొదలైంది, పాతికేళ్ళు తిరగాల్సిన సరుకు. కానీ కొత్తవి కట్టడం మీద నమ్మకం ఎందుకు తగ్గిందో మన కృష్ణపట్నంలోనే చూశాం. అక్కడ నాలుగు వేల మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు ఒకటి రావాల్సింది. ఇండోనేషియా బొగ్గు చవగ్గా వస్తుందని లెక్కేసి కరెంటు రేటు ముందే ఒప్పుకున్నారు. 2010–11లో ఆ దేశం బొగ్గుని ప్రపంచ మార్కెట్ రేటుకే అమ్మాలని నియమం పెట్టింది, ఇక్కడ పని ఆగిపోయింది. గ్యాస్ సంగతి చూడండి, కృష్ణా గోదావరి బేసిన్ డి6లో 2009లో గ్యాస్ మొదలైంది, ఒకటి రెండేళ్ళు పొంగి తర్వాత పడిపోయింది. దాన్ని నమ్ముకుని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన గ్యాస్ ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. తరిగే ఇంధనం అంటే భూమిలో మొత్తం అయిపోయేదాకా ఆగనక్కర్లేదు, రేటు పెరిగినా, ఓడ రాకపోయినా మనకి అయిపోయినట్టే. 2022 ఏప్రిల్లో పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు గుర్తుందా? అప్పుడు దేశంలో బొగ్గు లేక కాదు, కావాల్సిన చోట కావాల్సినంత లేక.

ఎండకి ఆ బెంగ లేదు, దాచుకోవడమే బెంగ. అందుకే ఇప్పుడు అందరి చూపూ నంద్యాల జిల్లా పిన్నాపురం మీద ఉంది, 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. పగలు మిగిలిన సోలార్, గాలి కరెంటుతో నీళ్ళు పై రిజర్వాయర్‌కి ఎత్తుతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించిన కరెంటు మొత్తం తిరిగిరాదు, ఐదో వంతు దాకా దారిలో పోతుంది, అయినా లాభమే. ఇంకోటి, మన రాష్ట్రంలో గాలి మరలు అనంతపురం, కడప, కర్నూలు వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాగా తిరుగుతాయి, సోలార్ మబ్బుల్లో తగ్గే నెలలే అవి. రెండూ కలిస్తే కొంత సర్దుకుంటుంది. మన కోస్తాకి నవంబరు మాత్రం ఎవరూ సర్దలేరు.

వేదాయపాళెం వాణి
ఇస్కపల్లి ఉప్పు మడుల వాళ్ళు వందేళ్ళ నుంచి ఎండని నమ్ముకుని బతుకుతున్నారు, వాళ్ళకి సబ్సిడీ లేదు, బ్యాటరీ లేదు. ఒక్క అకాల వాన పడితే ఉప్పంతా నీళ్ళపాలు. సోలార్ గురించి సలహా అడగాలంటే నేనయితే ముందు వాళ్ళనే అడుగుతా.

లెక్కల సుబ్బడు
అల్లూరు తమ్ముడూ, నువ్వు అడిగినదానికి వస్తా. నేనయితే ఇట్టా చేస్తా. 30 కిలోవాట్లు మర్చిపో. పగలు తిరిగే ఏరేటర్లకి, మోటారుకి, గుడిసెలో ఫ్యాను లైట్లకి సరిపడా ఐదారు కిలోవాట్లు. అది కూడా నీకు సబ్సిడీ రేటు ఉన్నంతకాలం అంత తొందర లేదు. ముందు ఒక మంచి డీవో మీటర్ కొను. చాలామంది భయానికి రాత్రంతా అన్ని ఏరేటర్లూ తిప్పుతారు, డీవో ఐదు మీద ఉన్నప్పుడు ఎనిమిది తిప్పి లాభం లేదు, నాలుగుకి దిగేటప్పుడు తిప్పు. వాడని యూనిట్‌ని మించిన చవక కరెంటు ఏదీ లేదు. ఆ తర్వాత కెపాసిటర్లు సరిగ్గా ఉన్నాయో లేదో, బేరింగులకి గ్రీజు ఉందో లేదో చూడు, బిగుసుకుపోయిన ఏరేటర్ ఊరికే ఆంపియర్లు లాగుతుంది.

బ్యాటరీ పెట్టాలని అంత ఉంటే, రాత్రంతటికీ కాదు, కరెంటు పోయిన క్షణం నుంచి జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకా రెండు ఏరేటర్లు తిరిగేంత పెట్టు. కాపలా కుర్రాడు నిద్రలేచి, తాళం వెతికి, డీజిల్ చూసుకునేసరికి ఎంతసేపవుతుందో నాకన్నా నీకే తెలుసు.

చెరువుగట్టు (అల్లూరు)
ఆ కాపలా కుర్రాడు నేనే అన్నా.

సరే, అర్థమైంది. ఈ పంటకి ప్యానెళ్లు పెట్టడం లేదు. డీవో మీటర్ కొంటున్నా, చిన్న బ్యాటరీ సంగతి కావలిలో కనుక్కుంటా. గట్టు మీద పెడితే ఉప్పు గాలికి స్టాండ్లు తుప్పు పడతాయని పక్క గుంటాయన అంటున్నాడు, జీఐ (జింకు పూత ఇనుము) స్టాండ్లు పెట్టినోళ్ళు ఎవరైనా ఉంటే ఎన్నాళ్ళు నిలిచాయో చెప్పండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

పంతులమ్మ (ఒంగోలు)
కొండపి అన్న చెప్పింది క్లాసులో చదివి వినిపించాను, పేరు చెప్పలేదు. ఆ పిల్లాడు ఇంకో ప్రశ్న వేశాడు, నరికిన సుబాబుల్ మళ్ళీ పెరిగేదాకా ఆ మూడేళ్ళూ పైకి పోయిన పొగ ఎక్కడుంటుంది టీచర్ అని. వాడి కోసం విడిగా ఒక రోజు పెట్టుకోవాలి.

కొండపి పొగాకు
వాణ్ని చదువు మాన్పించొద్దని వాళ్ళ నాన్నకి చెప్పండి టీచరమ్మా. అన్నట్టు, బ్యారన్ గోడలకి, పైకప్పుకి గ్లాస్ ఊల్ కొట్టిస్తే కట్టె తగ్గుతుందని పొగాకు బోర్డు వాళ్ళు ఏటా చెప్తున్నారు, మా బావ కొట్టించాడు, తగ్గిందనే అంటున్నాడు. ఎవరన్నా పాత బ్యారన్‌కి కొట్టించారా? కప్పు రేకులయితే లోపల నించి కొట్టాలా, బయట నించా?

కనిగిరోడు
లోపల నించి. బయట కొడితే మొదటి గాలివానకే ఎగిరి మా ఊళ్ళో పడుద్ది.